చేత్తో పెట్టిన దీర్ఘం

గార్డెన్ రీచ్, కలకత్తా
పూజలు అయిన మర్నాడు

పిన్నికి నమస్కరం.

నేను బగున్నను. నువ్వు బగున్నవా. నాన్న, అమ్మ, రమక్క బగున్నరు. నువ్వు చెప్పినట్టు ఫోన్ చెయ్యకుండ చేత్తో రస్తున్నను. వేళ్లు నొప్పి పుడుతున్నయి.

నువ్వు ఇచ్చిన కెమెర బగుంది. కని మొన్న పూజ పందిట్లో నా పరువు తీసింది. సయంత్రం ఆడవళ్లు ధూపం మట్టిపాత్రలు పట్టుకుని ఆడుతున్నరు. చుట్టు పొగ. నేను బటన్ నొక్కితే లెన్స్ జుయ్ జుయ్ అని ముందుకి వెనక్కి తిరుగుతుంది, ఫోటో తియ్యదు. తీస్తే పొగ వస్తుంది, మనిషి రదు. పక్కన నిలబడ్డ బెంగలీ దద ఒకడు నవ్వడు. ఏం చెయ్యలి?

ఇంకొక సంగతి. అష్టమి నాడు స్టేజి మీద రమక్క పడింది. అందరు చప్పట్లు కొట్టరు. తరవత అమ్మని కుడ రమ్మన్నరు. అమ్మ, నేను పడను అంది.

ఇట్లు
అమ్ములు

*

పలాస
అక్టోబరు నెలాఖరు

చిరంజీవి అమ్ములుకి పిన్ని పుష్పరాణి దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఎర్ర సిరాతో దీర్ఘాలు పెట్టి అదే ఉత్తరాన్ని ఈ కవరులో వెనక్కి పంపుతున్నాను. కాగితం చూసి మీ బాబాయి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు.

బెంగాలీ బళ్లో చదివిన పిల్లవి. వాళ్లు పలికేటప్పుడు పొట్టికీ పొడుగుకీ తేడా చూడరు, నీ చెవికీ అదే అలవాటైపోయింది. నాకు తెలుసు. కానీ తల్లీ, రమ స్టేజి మీద పడిందని, అందరూ చప్పట్లు కొట్టారని రాశావు. ఆడపిల్ల పడితే చప్పట్లు కొట్టే పేట ఏం పేటే అది? రెండోసారి చదివితేగాని పాడిందని తెలియలేదు. పడటానికీ పాడటానికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘమే. అది మర్చిపోతే మనుషుల నడుములు విరుగుతాయి.

వేసవిలో మా స్టూడియోలో ఉండి వెళుతూ కెమెరా పట్టుకెళ్లినప్పుడు మనం పెట్టుకున్న షరతు ఇదే కదా. ప్రశ్న తెలుగులో రాసి పంపితేనే జవాబు. మా అమ్మ అప్పలకొండమ్మ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. అవి నీ చేతిలోంచి పోతుంటే నేను చూస్తూ కూర్చోలేను.

ఇక నీ పొగ సంగతి. ఆటో ఫోకస్ అనేది వెలుగుకీ నీడకీ మధ్య గీత వెతుక్కుంటుంది. పొగలో, చీకట్లో ఆ గీత దొరకదు. అందుకే కళ్లజోడు పోగొట్టుకున్నవాళ్లలా తడుముకుంటుంది. లెన్స్ పక్కన చిన్న మీట ఉంది చూడు, దాన్ని మాన్యువల్ వైపు తొయ్యి. వెనక స్క్రీన్ మీద మనిషి కన్ను పెద్దది చేసుకుని, రింగు నెమ్మదిగా తిప్పు. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనపడితే ఆపు. ఆ మనిషికీ నీకూ దూరం మారనంతసేపూ రింగు ముట్టుకోకు. అలాగని అన్నిటికీ మాన్యువల్ పెట్టి గొప్పలకి పోవద్దు. పరిగెత్తే పిల్లలూ, ఎదురొచ్చే ఆటోలూ కెమెరాకే వదిలెయ్. మన వేళ్లకి అంత వేగం లేదు.

మీ అమ్మ పాడనందా. ఒకప్పుడు గార్డెన్ రీచ్‌లో ఏ తెలుగువాళ్ల పెళ్లయినా అక్కాచెల్లెళ్లం మా అప్పా నేనూ లేకుండా వియ్యాల పాట లేదు. మగపెళ్లివారిని దెప్పే పాట. ఆవిడ అడిగేది, నేను జవాబిచ్చేదాన్ని. ఒక్క నోటితో అయ్యేది కాదు.

మీ అమ్మ ఎలా ఉందని నేను అడగను. అడగలేదని చెప్పు.

ఆశీస్సులతో
పిన్ని

*

గార్డెన్ రీచ్
డిసెంబరు, చలి మొదలైంది

పిన్నికి,

అడగలేదని చెప్పాను. అమ్మ, "నానూ సెప్పలేదని రాయి" అంది. రాశాను.

నీ ఉత్తరం వస్తే అమ్మ కవరు తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టేస్తుంది. నేను చదవడం మొదలుపెట్టగానే సరిగ్గా ఆ గదిలోనే ఆవిడకి బియ్యం ఏరే పని పడుతుంది. నేను మెల్లగా చదివితే, "నోట్లో ఏటెట్టుకున్నావే, గట్టిగా సదువు" అంటుంది. అమ్మమ్మ ఎంత దిద్దించినా అమ్మకి అక్షరాలు రాలేదు కానీ నీ ఉత్తరాలన్నీ తెలుసు.

మాన్యువల్ బాగా పట్టుబడుతోంది. పొద్దున్నే లాంచీ ఘాటుకి వెళ్లాను. గంగ మీద మంచు, ఎక్కడా ఏమీ లేదు, అంతా తెలుపు. కెమెరా పాపం తడుముకుంది. మీట తోసి, లాంచీ దీపం మీద ఫోకస్ చేత్తో పెట్టాను. వచ్చింది. ఎదురింటి రామమ్మత్త కిటికీ చువ్వల వెనక కూర్చుని జడ వేసుకుంటుంటే ఆటో ఫోకస్‌లో తీశాను. చువ్వల తుప్పు అద్భుతంగా వచ్చింది. అత్త రాలేదు. మళ్లీ మాన్యువల్‌లో తీసి చూపిస్తే, తుప్పు ఫోటోయే నయం అంది. అందులో తెల్లవెంట్రుకలు కనపడలేదట.

అసలు సంగతి ఇప్పుడు. రమక్కకి సంబంధం కుదిరింది. అబ్బాయి ప్రేమ్‌సాగర్, బడ్జ్ బడ్జ్‌లో ఉంటారు. వాళ్ల తాతల నుంచీ అక్కడి జూట్ మిల్లులోనే. అబ్బాయి మాత్రం ఆయిల్ డిపోలో చేస్తాడు. మాట తక్కువ. రమక్క ఆ కొరత తీరుస్తుంది. పెళ్లి ఫాల్గుణంలో, మా వీధి చివర క్లబ్బు హాల్లో.

ఫోటోలు నేనే తీస్తానన్నాను. అమ్మ, "పెళ్లికూతురి సెల్లెలు పక్కన నిలబడాల గాని డబ్బా పట్టుకుని తిరుగుతాదేటి" అంది. నాన్న కార్పొరేషన్ పంపుహౌసు డ్యూటీ దిగి వచ్చి, తియ్యనీ, అన్నారు. నాన్న రోజుకి ఒక మాట మాట్లాడతారు కాబట్టి అదే ఖాయం అయింది. కానీ భయంగా ఉంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మధ్యలో తెర ఉంటుంది కదా. అది దించేది ఒక్కసారే. నా కెమెరా గుడ్డ మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే రమక్క నన్ను జన్మలో క్షమించదు.

నువ్వు వస్తావు కదా పిన్నీ? నువ్వు రాకపోతే మగపెళ్లివారిని ఎవరు దెప్పుతారు? నాలుగేళ్లయింది నువ్వీ ఇంటికి వచ్చి.

పెళ్లిలో అమ్మమ్మ ఫోటో పెట్టాలి. నువ్వు తీసిన ఆఖరి ఫోటో మా దగ్గర లేదు. పంపగలవా?

అమ్ములు

*

పలాస
జనవరి

చిరంజీవి అమ్ములుకి,

దీర్ఘాలు చాలా మెరుగు. నాలుగైదే తప్పులు. పేట పేరు నిలబెట్టావు.

రమకి పెళ్లన్న మాట చదివి స్టూడియోలో కూర్చున్న పాస్‌పోర్టు ఫోటో ఆయన్ని వదిలేసి లోపలికి పోయాను. మీ బాబాయి ఆయనకి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. రమని నేనే ఎత్తుకు పెంచాను, ఆ పిల్ల తల అటు ఇటు ఊపకుండా తీసిన మొదటి ఫోటో నాదే.

తెర సంగతి చెప్తాను. తెర కట్టకముందే రమ పీట మీద కూర్చుంటుంది. నువ్వు పెళ్లికొడుకు భుజం వెనక నీ చోటు చూసుకో. అక్కడి నుంచి ఆ పిల్ల కన్ను మీద ఫోకస్ పెట్టు. ఆటోలో పెట్టినా ఫరవాలేదు. అది కుదరగానే మీట మాన్యువల్‌కి తోసెయ్. ఇక రింగు ముట్టుకోకు, నీ కాళ్లు కదపకు, ఎవరు పిలిచినా పలకకు. తరవాత తెర కడతారు. నీకు గుడ్డ తప్ప ఏమీ కనపడదు. కనపడకపోయినా నీ లెన్స్ దాని వెనక మనిషినే చూస్తూ ఉంటుంది. తెర దిగుతుంది, నొక్కు. కెమెరా ఎప్పుడూ దగ్గరున్నదాన్నే చూస్తుంది అమ్ములూ. అడ్డం ఏదైనా వచ్చినప్పుడు ఎవర్ని చూడాలో మనం చెప్పాలి.

అమ్మ ఫోటో అడిగావు. ఇది ఎవరికీ చెప్పలేదు, ఫోటో అడిగావు కాబట్టి చెప్పక తప్పదు. అమ్మ పోయిన రోజు నేను కెమెరాతో వచ్చాను. స్టూడియో నుంచి స్టేషనుకి అలాగే పరిగెత్తాను, భుజాన సంచీ ఉన్నట్టు కూడా తెలీదు. అమ్మ ముఖం చూసి, ఇక ఎప్పటికీ చూడలేను కదా అనిపించి ఒక్కటే ఒక్క ఫోటో తీశాను. అప్పుడే మా అప్ప పదిమందిలో అంది: "అమ్మ పోతే ఫోటోలు తీస్తన్నావేటే? ఏడుపు రాదేటే నీకు?" ఆ మాట మోసుకుని, దినాలయ్యాక రైలెక్కేశాను.

ఆ ఫోటో నీకు పంపలేను. బంతిపూల దండ ఒక్కో రేకూ లెక్కపెట్టేలా వచ్చింది. అమ్మ ముఖం మసక. చేత్తో పెట్టాల్సింది. కానీ మాన్యువల్‌కి కళ్లు పొడిగా ఉండాలి. నా కళ్లు నిండిపోయి లోపల ఏమీ కనపడలేదు, ఆటోలో పెట్టి నొక్కేశాను. దండ దగ్గరున్నది కాబట్టి అది దండనే చూసింది.

పెళ్లికి రావడం గురించి. రమ పెళ్లికి రావాలని నాకు ఎంత ఉందో నీకు చెప్పక్కర్లేదు. కానీ నాకు పిలుపేదీ? శుభలేఖకి పసుపు రాసి పంపినా సరే, ఎవరి చేతనైనా బొట్టు పెట్టించినా సరే. పిలవని పేరంటానికి నేను రాను. ఇది గట్టిగా చదువు. బియ్యం ఏరేవాళ్లకి వినపడాలి.

పిన్ని

*

గార్డెన్ రీచ్
జనవరి ఆఖరు

పిన్నీ,

గట్టిగానే చదివాను. అమ్మమ్మ ఫోటో దగ్గరికి వచ్చేసరికి చేట చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే అమ్మ చేతిలో గింజలు పట్టుకుని అలాగే ఉంది. "ఆ ముక్క మళ్లీ సదువు" అంది. చదివాను. "ఏడుపు రాక కాదన్నమాట" అని తనలో తను అనుకుంది. ఆ రోజు అన్నంలో రాళ్లు తగిలాయి. అందరం ఏరుకుని తిన్నాం.

మర్నాడు పిలుపు సంగతి ఎత్తాను. అమ్మ ఏమందో ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను. "సొంత సెల్లికి బొట్టెట్టి పిలుస్తారేటే? పిలిస్తే అది సుట్టమైపోదా? ఇల్లు దానిది కాదా? దాని కూతురు పెళ్లికి అది రావడానికి నానెవర్తిని పిలవడానికి?" శుభలేఖల కట్ట అమ్మ పక్కనే ఉంది. టికియాపారా చుట్టాలకీ, రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న జయలక్ష్మి పెద్దమ్మకీ, అందరికీ పసుపు రాసింది. నీ పేరు రాయనివ్వలేదు. నీ పేరు రాస్తే నువ్వు బయటిదానివైపోతావట. ఆవిడ పిలవకపోవడమే పిలుపు అనుకుంటోంది, నువ్వు పిలుపు కోసం చూస్తున్నావు. మీ ఇద్దరి మధ్యా నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డట్టుంది.

తెర సాధన మేడ మీద చేస్తున్నాను. తాడు మీద దుప్పటి వేసి, వెనక పీట మీద నాన్నని కూర్చోబెట్టాను. నాన్నే పెళ్లికూతురు. ముందు ఫోకస్, తరవాత మీట, తరవాత దుప్పటి. రమక్క దుప్పటి లాగుతుంది. మొదట్లో నా కాలు కదిలిపోయేది, నాన్న మీసం మసకగా వచ్చేది. ఇప్పుడు ప్రతిసారీ కుదురుతోంది. నాన్న సిగ్గుపడటం కూడా నేర్చుకున్నారు.

నిన్న నాన్న లేచి వెళ్లిపోయాక పీట ఖాళీగా ఉంది. అమ్మ బట్టలు ఆరెయ్యడానికి వచ్చి అలిసిపోయి అక్కడే కూర్చుంది. నేను దుప్పటికి ఇవతల ఉన్నానని తెలీదు. గాలికి దుప్పటి లేచినప్పుడు తీశాను. చూడు, పంపుతున్నాను. అమ్మ దక్షిణం వైపు చూస్తోంది. పలాస అటే కదా.

రా పిన్నీ.

అమ్ములు

*

పలాస
ఫిబ్రవరి

అమ్ములూ,

ఎర్ర సిరా సీసా మూత తియ్యలేదు. ఈసారి ఒక్క తప్పూ లేదు. రెండుసార్లు వెతికాను, లేదు. మా అమ్మ ఉంటే నీ చేతిలో బెల్లంముక్క పెట్టేది. ఇక నీ ఉత్తరాలు దిద్దుకుంటూ కాకుండా, మామూలు మనిషిలా చదువుతాను.

మీ అమ్మ ఫోటో అద్దం దగ్గర పెట్టాను. జుట్టు అంత నెరిసిందని నాకు తెలీదు. గుడ్డ అంచు మసకగా పోయి ఆవిడ చెంప మీద ముడత కూడా స్పష్టంగా వచ్చింది. ఇంతకంటే నీకు నేర్పాల్సింది నా దగ్గర లేదు. ఇది ఆటోలో వచ్చే ఫోటో కాదు.

సుట్టమైపోతాదన్న మాట చదివి నవ్వొచ్చింది, తరవాత నవ్వు పోయింది. అది ఆవిడ మనసు. కానీ ఆ మాట ఆవిడ నాతో అనాలి, నీ కలంతో కాదు. నాలుగేళ్లు ఒక్క ఫోన్ చెయ్యని మనిషి గుమ్మంలోకి, నాకు నేనే సంచీ పట్టుకుని ఎలా దిగను? దిగాక మళ్లీ పదిమందిలో ఒక మాట అంటే? ఈసారి తట్టుకోలేనే. మీ బాబాయి కూడా చెప్పి చెప్పి అలిసిపోయారు. నేను రాను. నన్ను మళ్లీ అడగకు.

ఇంకో బ్యాటరీ పంపుతున్నాను, చలికి తొందరగా దిగిపోతాయి. రమకి చీర. మీ అమ్మకి జీడిపప్పు. నేను పంపానని చెప్పకు. పలాస నుంచి ఇంకెవరు పంపుతారులే, చెప్పినా ఒకటే.

ఒక మాట గుర్తుంచుకో. తలంబ్రాలప్పుడు కూడా మాన్యువలే. ఆటోలో పెడితే పడే బియ్యాన్ని పట్టుకుంటుంది, మనుషుల్ని వదిలేస్తుంది.

పిన్ని

*

గార్డెన్ రీచ్
పెళ్లికి వారం ముందు

పిన్నీ,

ఎక్కువ రాయలేను. ఇల్లంతా జనం. చీర, బ్యాటరీ అందాయి. జీడిపప్పు అమ్మ పైఅరలో దాచింది, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

నిన్న పసుపు కొట్టారు. అమ్మ పడింది. వంటింట్లో, రోటి దగ్గర. ముందు ఎవరం గమనించలేదు, రమక్కే విని పరిగెత్తింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. అందుకోవడానికి పక్కన ఎవరూ లేరు. గోడ వైపు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత మళ్లీ పడింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు, లోపలికి రావడానికి కాళ్లు రాలేదు. రామమ్మత్త కళ్లు తుడుచుకుంది. ఈ వయసులో ఆవిడ ఒక్కతే అలా, పట్టుకునేవాళ్లు లేకుండా. నేను చూస్తూ ఉండలేకపోయాను.

అమ్మ ఏమీ జరగనట్టు లేచి చేతులు కడుక్కుంది. "మీ పిన్నికి రాసీకు" అని, రాయనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేశాక రాస్తున్నాను.

మళ్లీ రమ్మని అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు.

అమ్ములు

*

పలాస
ఫాల్గుణం వెళ్లిపోతోంది

దొంగపిల్లా,

క్షేమంగా చేరాను. నా సంచీలో మీ అమ్మ ఏమేం కుక్కిందో ఇంకా పూర్తిగా తియ్యలేదు. ఆవపచ్చడి సీసా మూత ఊడి నా మంచి చీర పాడైంది. దాని గురించి నువ్వు ఆవిడకి చెప్పకు.

అక్కడ ఉన్నన్నాళ్లూ జనంలో నిన్ను ఒంటరిగా పట్టుకోవడం కుదరలేదు. నువ్వు కూడా కావాలనే తప్పించుకు తిరిగావు. అందుకే ఈ ఉత్తరం.

నీ కాగితం నా చేతికొచ్చిన పూట మీ బాబాయి పక్కనే ఉన్నారు. చదివి ఆయనకి ఇచ్చాను. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలుస్తోంది. అప్ప నంబరు దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎత్తి ఇంకెవరో మాట్లాడితే ఏం వినాల్సి వస్తుందో అని భయం. మీ బాబాయి స్టేషనుకి తీసుకెళ్లారు. దారంతా ఆవిడ నడుమో, తుంటో అనుకుంటూ ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటావిడ తినమని కమలాపళ్లు ఒలిచి పెట్టింది. పిలుపు సంగతి నాకు హౌరాలో దిగేదాకా గుర్తే రాలేదు. గుర్తొచ్చాక కూడా కాళ్లు ఆగలేదు.

మీ గుమ్మంలోకి వచ్చేసరికి మీ అమ్మ నేల మీద కూర్చుని ఉంది. అరిసెల పిండి కలుపుతోందని నాకేం తెలుసు?

"లెగకప్పా, లెగకు. ఎక్కడ తగిలింది?" అన్నాను.

"ఏటి తగిలింది?"

"పడ్డావంట కదా."

"నాను పడ్డమేటే? ఎవర్తి సెప్పింది?"

నువ్వు అప్పటికే మేడ మెట్లెక్కేశావు, నీ పావడా అంచు కనపడింది. నేను సంచీ కింద పెట్టి అక్కడే ఏడ్చేశాను. నాలుగేళ్ల క్రితం ఎవరూ చూడని ఏడుపంతా అప్పుడు వచ్చింది. మీ అమ్మ లేచి వచ్చింది. "ఆ రోజు అలాగ అనీసాను. నీ కళ్లు సూడలేదు" అంది. పక్కనే గిన్నెలో పసుపు ఉంది, అందులో చెయ్యి ముంచి నా మొహం తుడిచింది. తుడిచిందో, బొట్టే పెట్టిందో నేను అడగలేదు. తరవాత అద్దంలో చూసుకుంటే నా నుదుటి మీద పసుపు ఉంది. పిలుపు అయిపోయిందనుకున్నాను.

పెళ్లినాడు పాడినది నీకు తెలుసు. "వియ్యపురాలా, విందుకొచ్చి వెంట ఏమి తెచ్చినావే?" అని మీ అమ్మ ఎత్తుకుంది. నేను, "చేతులూపుతు వచ్చినాను, చెంబుడన్ని మాటలు తెచ్చాను" అని అందుకున్నాను. రాగం కిందకి జారింది, అయినా ఎవరూ పట్టించుకోలేదు. బడ్జ్ బడ్జ్ వాళ్లు జవాబు వెతుక్కోలేక తెల్లమొహాలు వేశారు. ప్రేమ్‌సాగర్ మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వాడు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. ఎర్ర సిరా పక్కన పెట్టుకుని చదివాను. "గమనించలేదు" సరిగ్గా ఉంది. "నిలబడిపోయారు" సరిగ్గా ఉంది. "అందుకోవడానికి" ఉంది. నాకు నోరు తిరగని చోట్ల కూడా నీ దీర్ఘాలు ఉన్నాయి. లేనిది ఒక్క మాటలోనే, రెండు చోట్లా. అమ్మ పాడింది. ఒక్కతే పాడింది. నా వంతు వచ్చిన చోట ఆగింది, అందుకోవడానికి నేను లేను. మళ్లీ పాడింది. అంతే కదా నువ్వు రాసింది?

నిజం చెప్పు. మర్చిపోయావా, చేత్తో తిప్పావా?

పిన్ని

*

గార్డెన్ రీచ్
ఉగాది ముందు

పిన్నికి నమస్కారం.

దీర్ఘం గురించి అడిగావు. బెంగాలీ బళ్లో చదువుకున్నదాన్ని, మా చెవులకి పొట్టీ పొడుగూ తేడా తెలియదు. నువ్వే చెప్పావు కదా. పెళ్లి హడావిడిలో మర్చిపోయుంటాను.

ఫోటోలు రెండు పంపుతున్నాను. మొదటిది తెర దిగినప్పటిది. నువ్వు చెప్పినట్టే ముందు రమక్క కన్ను మీద పెట్టి మీట తోసేశాను. జయలక్ష్మి పెద్దమ్మ వచ్చి, తప్పుకోవే పిల్లా అని నా నడుం మీద చరిచింది. కదల్లేదు. తెర దిగింది, నొక్కాను. రమక్క రెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. రోజుకి పదిసార్లు లెక్కపెట్టుకుంటోందని బావ చెప్పాడు. బావ ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

రెండోది తలంబ్రాలప్పటిది. అందులో ముందంతా బియ్యం, వెనక రమక్క, బావ, ఇద్దరూ మసక. రమక్క తిట్టింది. వాళ్ల వెనక, గోడ పక్కన, నోళ్లు తెరుచుకుని పాడుతున్న మీరిద్దరూ మాత్రం స్పష్టంగా ఉన్నారు. నీ మెడ మీద నరం, అమ్మ కంట్లో నీళ్లు కూడా కనపడుతున్నాయి. మీరు అక్కడే నిలబడి పాడతారని నాకు తెలుసు. తలంబ్రాల పళ్లెం రాకముందే రింగు మీ దగ్గరికి తిప్పి పెట్టుకున్నాను. మంచిదైంది. మీరు పాడటం మొదలుపెట్టాక నాకు లోపల ఏమీ కనపడలేదు, ఊరికే నొక్కుతూ పోయాను.

ఈ ఫోటో ఒకటి అమ్మమ్మ ఫోటో పక్కన గోడకి పెట్టాం. అమ్మమ్మది రేషన్ కార్డులోంచి పెద్దది చేయించినది, కొంచెం కోపంగా ఉంటుంది. ఈ ఫోటో పక్కన పెట్టాక కోపం తగ్గినట్టుందని నాన్న అన్నారు. ఆ రోజుకి నాన్న మాట అదే.

అమ్మ ఇప్పుడు బియ్యం ఏరుతున్నట్టు నటించడం లేదు. నా పక్కనే కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "కళ్లు సూడలేదు" అన్నచోట నా చేతిలోంచి కాగితం తీసుకుని, చదవలేకపోయినా, కాసేపు చూసింది. ఆవపచ్చడి సంగతి కూడా చదివేశాను, క్షమించు. వేరే చీర కొంటానంటోంది.

ఇది మాత్రం అమ్మ చెప్పగా రాస్తున్నాను. వేసవికి బాబాయిని తీసుకుని రావాలట. రాకపోతే ఒక్కతే పడతానని రాయమంది.

అక్కడ దీర్ఘం పెట్టాలా వద్దా అని అడిగాను. "వొగ్గీ, అది ఎర్ర సిరాతో ఎట్టుకుంటాదిలే" అంది.

ఇట్లు
నీ అమ్ములు